నలభై దాటాక పరుగు: బోర్డర్‌లో షుగర్, మోకాళ్ళ భయం, మన గోదావరి ఉక్క

మీ ప్రశ్న మిగతావాళ్ళకీ పనికొస్తుంది కాబట్టి ముందు దాన్ని రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వయసు 44, బరువు 81 కిలోలు, పాలకొల్లు దగ్గర రైసు మిల్లులో లెక్కలు చూసే పని. మొన్న టెస్టులో మూడు నెలల షుగర్ 6.2 వచ్చింది. డాక్టరుగారు ఇప్పుడే మందులు వద్దు, రోజూ ఒళ్ళు కదపండి అన్నారు. సరే అని పోలీసు ఈవెంట్స్‌కి ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళతో కలిసి ఏటిగట్టు మీద పరిగెడితే మూడో రోజుకే మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పట్టేసింది. మోకాళ్ళు అరిగిపోతాయి మానెయ్యమని మీ నాన్నగారు, నడిస్తే చాలదా అని మీ ఆవిడ. పరుగు వల్ల నిజంగా ఒరిగేదేమైనా ఉందా, ఉంటే మన ఊళ్ళలో ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు.

పరిగెత్తండి. ఆ కుర్రాళ్ళతో మాత్రం వద్దు.

వాళ్ళు 1600 మీటర్లు టైము లోపల కొట్టాలి, లేకపోతే ఉద్యోగం పోతుంది. ఊపిరి అందనంత వేగంగా పోవడమే వాళ్ళ ప్రాక్టీసు. మీకు కావలసింది దానికి పూర్తిగా తలకిందులు. నేను హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. అలాంటి కుర్రాళ్ళకీ నేర్పాను, ఇప్పుడు మీ వయసువాళ్ళకీ నా వయసువాళ్ళకీ పొద్దున్నే తోడుగా ఉంటున్నాను. నలభై దాటాక మొదలుపెట్టి మానేసినవాళ్ళని చాలామందిని చూశాను. బద్ధకంతో మానేసినవాళ్ళు తక్కువండి. మొదటి వారమే వేగంగా పరిగెత్తి, ఏదో ఒకటి నొప్పి తెచ్చుకుని మానేసినవాళ్ళే ఎక్కువ.

ఎంత మెల్లగా అంటే, పక్కనున్న మనిషితో మాట్లాడగలిగేంత మెల్లగా. "నిన్న సాయంత్రం వచ్చిన లోడులో తేమ ఎక్కువుందని వెనక్కి పంపేశాం" అని మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే ఆ వేగం సరి. రెండు మాటలకోసారి తెగిపోతుంటే ఎక్కువైనట్టు. పాటే పాడగలుగుతున్నారంటే ఇంకాస్త పెంచొచ్చు. మొదట్లో ఈ వేగం చూస్తే మీకే సిగ్గేస్తుంది. గట్టు మీద గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పోయే ఆవిడ మిమ్మల్ని దాటేసి వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వండి.

మెల్లగా పరిగెత్తితే లాభమేమిటని కదా మీ అనుమానం. కండరాలకి రక్తం ఎక్కువ కావాలి కాబట్టి గుండె ఎక్కువ పంపుతుంది. వారాల తరబడి అలా చేస్తూ పోతే గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం పెరుగుతుంది. కండరాల్లో సన్న రక్తనాళాలు కొత్తగా పుడతాయి, కణాల్లో శక్తి తయారయ్యే ఏర్పాటు పెరుగుతుంది. ఇవన్నీ జరగడానికి రొప్పుతూ పరిగెత్తక్కర్లేదు, తగినంత సేపు కదిలితే చాలు. గుండె తక్కువసార్లు కొట్టుకున్నా అదే పని అయిపోతుంది కాబట్టి ఊరికే కూర్చున్నప్పుడు నాడి తగ్గుతుంది. పొద్దున్న మంచం మీంచి లేవకముందే మణికట్టు దగ్గర వేలు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టి కేలండర్ మీద రాసుకోండి. మొదటి రెండు నెలలూ మీరు చూడాల్సిన అంకె ఇదే. బరువు మిషన్ జోలికి పోకండి, అది అంత తొందరగా కదలదు, మీకు విసుగొస్తుంది.

బరువు సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఉన్నమాట చెప్తాను. పరుగులో ఖర్చయ్యేది సుమారుగా కిలోమీటరుకి, కిలో బరువుకి ఒక కేలరీ. అంటే మీరు మూడు కిలోమీటర్లు పరిగెడితే 240 కేలరీలు. అది 180 గ్రాముల వండిన అన్నంతో సమానం. పరిగెత్తొచ్చి పెసరట్టు ఉప్మా లాగించి, పైన ఇంకో అట్టు వేయించుకుంటే లెక్క సరి, బరువు ఎక్కడిదక్కడే. పొట్ట తగ్గాలంటే కంచం దగ్గరే తగ్గాలి. పరుగు చేసే మేలు వేరే చోట ఉంది.

ముఖ్యంగా షుగర్ దగ్గర. మనం తిన్న అన్నం గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి వస్తే, దాన్ని అందరికంటే ఎక్కువగా తీసుకునేవి కండరాలు. మామూలుగా ఇన్సులిన్ చెప్తేనే తీసుకుంటాయి. పొట్ట చుట్టూ కొవ్వు చేరినవాళ్ళలో ఇన్సులిన్ ఎంత చెప్పినా కండరాలు సరిగ్గా వినిపించుకోవు. మీ 6.2కి అసలు కారణం చాలావరకు ఇదే. పని చేస్తున్న కండరం మాత్రం ఇన్సులిన్‌తో సంబంధం లేకుండా గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. పరుగు ఆపేశాక కూడా ఒక రోజు నుంచి రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత మళ్ళీ మామూలే. అందుకే ఆదివారం ఒక్కరోజే పది కిలోమీటర్లు పరిగెత్తి వారమంతా కుర్చీలో కూర్చుంటే మీకు పెద్దగా ఉపయోగం లేదు. రోజు విడిచి రోజు, ఇరవై అయిదు నిమిషాలైనా సరే, వరసగా రెండు రోజులకి మించి ఖాళీ పడకుండా చూసుకోండి. మిగతా నియమాలన్నీ మరిచిపోయినా దీన్ని మరవొద్దు.

మీరు ఒంటరివాళ్ళు కారు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతా చేయించిన సర్వే 2023లో వచ్చింది. దాని ప్రకారం షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు, మీలాగా బోర్డర్‌లో ఉన్నవాళ్ళు 13.6 కోట్లు. బోర్డర్‌లో ఉన్నవాళ్ళు దాటకుండా ఆగొచ్చా అంటే ఆగొచ్చు. అమెరికాలో 2002లో వచ్చిన పెద్ద పరిశోధనలో వారానికి 150 నిమిషాల వ్యాయామం చేసి, బరువులో ఏడు శాతం తగ్గించుకునే కార్యక్రమంలో చేరినవాళ్ళకి షుగర్ వచ్చే ప్రమాదం 58 శాతం తగ్గింది. మన దేశంలో చెన్నై డాక్టర్లు 2006లో ప్రకటించిన ఇలాంటి పరిశోధనలో తగ్గుదల 28.5 శాతమే. నేను ఎవరికైనా ఈ రెండో అంకే చెప్తాను. మన ఒళ్ళు, మన తిండి లెక్క అది. పైగా ఆ పరిశోధనలో మందు బిళ్ళ ఒక్కటే వాడినవాళ్ళకి తగ్గింది 26.4 శాతం. నడకా తిండీ సరిచేసుకున్నవాళ్ళు మందుతో సమానంగా నిలిచారన్నమాట.

అన్నం మానేయాలా అని మీరు అడగలేదు గానీ అడగబోతారని తెలుసు. మిల్లు మనిషి కాబట్టి మీకు నచ్చే సంగతి ఒకటి చెప్తాను. మన మారుటేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ రకం వరి, అదే మీ బస్తాల మీద ఎంటీయూ 7029 అని రాసేది, రక్తంలో షుగర్‌ని నెమ్మదిగా పెంచే రకాల్లో ఒకటి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాలు పరీక్ష చేయించి 2011లో ఈ మాట చెప్పింది. అలాగని రెండు పూటలా కంచం నిండా పెట్టించుకోమని కాదు. మన తాతలు కూడా అన్నమే తిన్నారు, కానీ ఊడ్పులకి వంగారు, కోతలు కోశారు, కుప్పలు నూర్చారు. ఇప్పుడు కోత మిషను దిగితే ఎకరం చేను గంటలో అయిపోతుంది. రైతే గట్టు మీద బండి ఆపుకుని ఫోను చూసుకుంటున్నాడు. అన్నం కొలత మాత్రం తాతల నాటిదే ఉంది.

ఇక మీ నాన్నగారి భయం. పెద్దాయన మాట తీసిపారేయకండి, ఎందుకంటే సగం ఊరు అదే అనుకుంటోంది. 2017లో చాలా పరిశోధనల్ని కలిపి చూసినప్పుడు తేలింది ఇది: ఆరోగ్యం కోసం పరిగెత్తేవాళ్ళలో మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల 3.5 శాతం మందికి ఉంటే, అసలు పరిగెత్తనివాళ్ళలో 10.2 శాతం మందికి ఉంది. పోటీల్లో గెలవడానికి ఏళ్ళ తరబడి పరిగెత్తేవాళ్ళలో 13.3 శాతం. పరుగు మొత్తంగా చెడ్డదీ కాదు, ఎంతైనా మంచిదీ కాదు. మీరు మొదటి గుంపులో ఉండేలా చూసుకోవాలి, అంతే. కీలులో ఉండే మెత్తటి మృదులాస్థికి సొంతంగా రక్తనాళాలు ఉండవు. ఒత్తిడి పడినప్పుడు స్పాంజిలా పిండుకుని, వదిలినప్పుడు చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. కదలని మోకాలికి ఆ పోషణ కూడా సరిగ్గా అందదు. కానీ ఇదివరకే మోకాలికి దెబ్బ తగిలి వాపు వస్తూ పోతూ ఉంటే, మెట్లు దిగేటప్పుడు కీలు బిగుసుకుపోతుంటే, ముందు ఎముకల డాక్టరుకి చూపించుకోండి. అప్పటిదాకా నడకే.

మోకాలిని కాపాడేది తొడ కండరం. అందుకే పరుగు లేని రోజుల్లో గుంజీలు తీయండి. నవ్వకండి, నేను పిల్లలకి శిక్షగా తీయించినవే. చెవులు పట్టుకోనక్కర్లేదు. కుర్చీ ముందు నిలబడి, పిరుదులు కుర్చీని తాకీ తాకనంత వరకు దిగి లేవండి. పది, కాస్త ఆగి ఇంకో పది. తర్వాత వీధి అరుగు మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి, మడమల్ని మెల్లగా పైకి లేపి అంతకంటే మెల్లగా దించండి. దించడంలోనే పని జరుగుతుంది, అక్కడ తొందరపడొద్దు. పిక్కలకి బలం వచ్చేదీ, మీ ఎముక నొప్పి మళ్ళీ రాకుండా ఆపేదీ ఇదే.

ఆ నొప్పి గురించి కూడా చెప్పాలి. ఎముక లోపలి అంచు పొడవునా జానెడు మేర సలుపుతూ, పరిగెడితే ఎక్కువై ఆపితే తగ్గుతుంటే భయం లేదు. ఇన్నేళ్ళు కుర్చీలో ఉన్న కాలు మీద ఒక్కసారి బరువు పడింది. రెండు వారాలు నడక మాత్రమే చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అలాకాకుండా ఒక్క చోటే, వేలు పెట్టి చూపించగలిగినట్టు నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా వదలకపోతే ఎముకకి సన్న పగులు వచ్చిందేమో చూడాలి. దానికి తైలం రుద్దుతూ కూర్చోవద్దు.

మీ ఆవిడ మాటలో సగం నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక, లేదా 75 నుంచి 150 నిమిషాల పరుగులాంటి గట్టి వ్యాయామం, వీటికి తోడు వారానికి రెండు రోజులైనా కండరాలకి పని. టైము ఉన్నవాళ్ళకి నడకే హాయి. సీజన్లో పొద్దున్న ఏడింటికల్లా మిల్లు గేటు దగ్గర లారీలు నిలబడే మీలాంటివాళ్ళకి పరుగు సగం టైములో పని తీరుస్తుంది. అమెరికాలో 55,137 మందిని సగటున 15 ఏళ్ళు గమనించి 2014లో ప్రకటించిన పరిశోధనలో పరిగెత్తేవాళ్ళకి గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం 45 శాతం తక్కువగా కనబడింది. రోజుకి అయిదు పది నిమిషాలు, అదీ మెల్లగా పరిగెత్తినవాళ్ళకి కూడా మేలు కనబడింది. పరిగెత్తేవాళ్ళు మామూలుగానే మిగతా విషయాల్లోనూ జాగ్రత్తపరులు అయ్యుండొచ్చు కాబట్టి ఆ అంకెనంతా పరుగు ఖాతాలో వెయ్యను. సగం వేసినా తక్కువేం కాదు. రాత్రి భోజనం అయ్యాక మాత్రం మీ ఆవిడతో కలిసి పావుగంట వీధి చివరిదాకా నడిచి రండి. తిన్న వెంటనే పెరిగే షుగర్‌ని అణచడానికి పొద్దుటి పరుగు కన్నా ఆ నడక బాగా పనిచేస్తుంది.

ఇప్పుడు మన గాలి సంగతి. పరుగు గురించి ఫోన్లో దొరికే సలహాలు ఎక్కువగా చల్లటి, పొడి దేశాలవాళ్ళు చెప్పినవి. గోదావరి పక్కన, కాలువల మధ్య, చేపల చెరువుల మధ్య బతికేవాళ్ళకి అవి అలాగే పనికిరావు. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, చెమట ఆరడం. ఒక లీటరు చెమట ఆరితే సుమారు 580 కేలరీల వేడిని పట్టుకుపోతుంది. గడ్డం మీంచి బొట్లుబొట్లుగా కారి నేలపాలైతే అందులో ఏమీ పట్టుకుపోదు. ఉక్కగా ఉన్నరోజు బనీను పిండితే నీళ్ళు కారతాయి గానీ ఒళ్ళు మాత్రం కుతకుతలాడుతూనే ఉంటుంది. అప్పుడు గుండె కాళ్ళకీ రక్తం పంపాలి, వేడి బయటికి పోవడానికి చర్మానికీ పంపాలి. అందుకే జనవరిలో హాయిగా పరిగెత్తిన వేగమే మే నెలలో ప్రాణం తీస్తుంది. వాచీ చూసి "నిన్నటికంటే తగ్గానే" అని టెన్షన్ పడకండి. మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదొక్కటే చూడండి. వాతావరణం మారినప్పుడు ఒళ్ళు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో పరుగు సగానికి తగ్గించండి.

ఎండాకాలంలో తెల్లవారకముందే పోవాలి. అప్పుడు గాలిలో తేమ ఎక్కువే, అయినా నెత్తిన ఎండ లేదు, నేల చల్లారి ఉంటుంది. రోహిణి కార్తెలో సాయంత్రం ఆరింటికి కూడా తారురోడ్డు సెగ కక్కుతూనే ఉంటుంది, ఆ పూట వద్దు. పరిగెడుతుండగా ఒళ్ళు జలదరించినా, తల దిమ్మెక్కినా, మాట తడబడినా అక్కడికక్కడ ఆగి నీడలో కూర్చుని నెత్తిన, మెడ మీద నీళ్ళు పోయించుకోండి. మాట తడబడటం దాకా వస్తే ఇంటికి కాదు, ఆసుపత్రికి. తాగడానికి అరగంట పరుగుకి మంచినీళ్ళు చాలు. గంట దాటేవాళ్ళు ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ తాగితే మంచిది. కొబ్బరి బొండాం మన కోనసీమ గర్వమే, కాదనను, కానీ అందులో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా ఉప్పు.

వానాకాలం గట్లు మనవి కావు. జిగట మట్టి చెప్పులకే అంటుకుని వదలదు, బూట్లయితే కాలు జారి నడుం పట్టేస్తుంది. గోదావరికి వరద వచ్చినప్పుడు ఏటిగట్టు మీద లంకల నుంచి తోలుకొచ్చిన పశువులు, సామాన్లు, కాపలావాళ్ళు ఉంటారు. అక్కడ పరిగెత్తడం వాళ్ళకి అడ్డం. ఆ రోజుల్లో హైస్కూలు గ్రౌండో, అదీ మునిగితే మేడ మెట్లో చాలు.

కోతల సీజన్లో మీరే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే ఆ ధాన్యం చివరికి మీ మిల్లుకే వస్తుంది! సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, రాత్రి మంచు పడకుండా బరకాలు కప్పి, అంచుల మీద రాళ్ళు పెడతారు. తెల్లవారుజామున మసకచీకట్లో బరకం, తారురోడ్డు ఒకే రంగులో కనబడతాయి. ఆ రాయి బొటనవేలికి తగిలితే పదిహేను రోజులు మంచమే. దానికి తోడు ధనుర్మాసంలో మంచు, ఆ మంచులోంచి లైటు లేకుండా వచ్చే ట్రాక్టరు. చేతిలో టార్చి, ఒంటి మీద తెల్ల బనీను, రోడ్డుకి కుడివైపున, అంటే ఎదురుగా వచ్చే బండి మనకి కనబడేలా పరిగెత్తాలి. గట్టు మీద కూడా టార్చి ఉండాలండి. చేలల్లో ఎలకలు, వాటి కోసం పాములు. కట్లపాము రాత్రి తిరిగే జీవి.

కుక్క వెంటబడితే పరుగు ఆపి నడవండి. పరిగెత్తేదాన్ని తరమడం దాని గుణం. కరిస్తే పావుగంట సేపు సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టించుకోవాలి. పసుపు, సున్నం పెట్టకండి.

స్థలం విషయంలో మనకి ఒక వరం, ఒక లోటు. నేల సమంగా ఉంటుంది కాబట్టి మొదలుపెట్టేవాళ్ళకి కాలువ గట్టుని మించింది లేదు, మట్టి బాట కాబట్టి కాలికి మెత్తగా ఉంటుంది. లోటేమిటంటే ఎక్కడా ఎక్కుడు లేదు. కాళ్ళకి బలం రావాలంటే ఎక్కుడు కావాలి. సిద్ధాంతం, చించినాడ వంతెనలు ఎక్కి దిగుదామని ఉత్సాహపడకండి, అవి హైవేలు, లారీలు పక్కన గాలికే తోసేస్తాయి. ఊళ్ళోంచి ఏటిగట్టు మీదికి ఎక్కే ర్యాంపు ఉంటుంది కదా, మూడు నెలలు గడిచాక వారానికోసారి దాన్ని అయిదారు సార్లు మెల్లగా ఎక్కి, నడుచుకుంటూ దిగండి. అది చాలు.

మొదలుపెట్టడం ఇలా. ముందు రెండు వారాలు నడకే, అరగంట, నొప్పి పూర్తిగా పోయేదాకా. తర్వాత నాలుగు నిమిషాలు నడిచి ఒక నిమిషం పరుగు, ఇలా అయిదు సార్లు. అది తేలికైపోయిందనిపించిన వారం తర్వాత మూడు నిమిషాల నడక, రెండు నిమిషాల పరుగు. అలా వారానికో పది రోజులకో కొంచెం జరుపుకుంటూ పోతే మూడు నెలలకి ఇరవై నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలరు. నలుగురిలో ఒకరికి నాలుగు నెలలు పడుతుంది, దానికేం. అడుగులు చిన్నవిగా, పాదం ఒంటి కిందే పడేలా వేయండి. ముందుకి చాచి మడమతో దబ్బున కొట్టొద్దు, అడుగు చప్పుడు మీకే వినబడకూడదు. బూట్ల కోసం వేలకి వేలు పొయ్యక్కర్లేదు, వేలి ముందు బొటనవేలి గోరంత ఖాళీ ఉండి మడమ జారకుండా ఉంటే చాలు. సాయంత్రం పూట కొనండి, పొద్దున్న కంటే పాదం అప్పుడు కాస్త ఉబ్బి ఉంటుంది.

దీనికంటే ముందు ఒకసారి బీపీ చూపించుకుని, ఈసీజీ తీయించుకోండి. 44 ఏళ్ళు, బోర్డర్ షుగర్, పొట్ట, మెట్లెక్కితే ఆయాసం, ఇన్ని ఉన్నప్పుడు ఇది చాదస్తం కాదు. పరుగులో ఛాతీ బరువెక్కినా, దవడకో ఎడమ చేతికో లాగినా, కళ్ళు తిరిగినా గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. జ్వరం ఉన్నన్నాళ్ళూ, తగ్గిన రెండు మూడు రోజులూ పరుగు లేదు. ఇది చదువుతున్నవాళ్ళలో ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్ళకి ఒక మాట: మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఇబ్బంది అరుదు, గ్లిమిపిరైడ్ లాంటివో ఇన్సులినో వాడేవాళ్ళకి పరుగులో షుగర్ పడిపోవచ్చు. డాక్టరుకి చెప్పి మొదలుపెట్టండి, జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి. బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ వాడేవాళ్ళకి నాడి మందు వల్లే పెరగదు కాబట్టి వాచీ చూపించే అంకెల్ని నమ్మొద్దు.

ఇక రోజువారీ బతుకులో ఏం మారుతుంది అన్నారు. జనం నాతో చెప్పేది రిపోర్టుల గురించి కాదు. మొదట మారేది నిద్ర. మా గుంపులో రొయ్యల చెరువుల రైతు ఒకాయన ఉన్నాడు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ తగ్గిపోతుంది కాబట్టి రెండింటికో మూడింటికో లేచి ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకురావాలి. కరెంటు పోతే జనరేటరు. ఇదివరకు ఒకసారి లేచాడంటే మళ్ళీ నిద్ర పట్టేది కాదు, మేత బాకీ, రొయ్యల ధర, అన్నీ అప్పుడే బుర్రలో తిరిగేవి. ఆయనకి పొద్దున కుదరదు కాబట్టి సాయంత్రం పరిగెడతాడు. ఇప్పటికీ మూడింటికి లేస్తాడు, ఏరియేటర్ల చుట్టూ టార్చి వేసి వస్తాడు, వచ్చి పడుకుంటే మళ్ళీ నిద్ర పడుతోంది అంటాడు. బాకీలు ఏమీ తగ్గలేదు. పరుగు బాకీలు తీర్చదు, వాటి మీద రాత్రంతా బుర్ర తిరగడాన్ని తగ్గిస్తుంది. ఆందోళన, దిగులు తగ్గడానికి వ్యాయామం సాయపడుతుందని వైద్యులూ ఒప్పుకున్నదే. కానీ దిగులు వారాల తరబడి వదలకపోతే పరుగుతో సరిపెట్టకండి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

రెండోది మధ్యాహ్నం. భోజనం చేశాక రెండింటికి లెడ్జరు మీద తల వాలిపోతుందని రాశారు కదా, అది తగ్గుతుంది. కొంత నిద్ర బాగుపడటం వల్ల, కొంత తిన్నాక షుగర్ ఒక్కసారిగా పైకి కిందికి పోకపోవడం వల్ల. తర్వాత మెట్లెక్కితే వచ్చే ఆయాసం, అదీ తగ్గుతుంది. బీపీ ఉన్నవాళ్ళకి పై నంబరు సగటున అయిదు నుంచి ఏడు పాయింట్లు దిగుతుంది, మందు మాత్రం సొంతంగా మానకూడదు. మలబద్ధకం ఉన్నవాళ్ళకి అదీ సర్దుకుంటుంది, ఈ సంగతి బయటికి చెప్పుకోరు గానీ నా చెవిలో చాలామందే చెప్పారు.

ఊళ్ళో మాటలకి కూడా సిద్ధంగా ఉండండి. "ఏంటండీ, వెనకాల ఎవరైనా తరుముతున్నారా?" అని టీ బడ్డీ దగ్గర అంటారు. బండి ఆపి "ఎక్కండి, దింపేస్తాను" అనేవాళ్ళు ఇంకా ఎక్కువ. మనవాళ్ళ మర్యాద అది, ఎవరైనా రోడ్డు మీద చెమటోడుస్తూ కనబడితే చూస్తూ ఊరుకోలేరు. చెయ్యి ఊపి ముందుకి పొండి. పదిహేను రోజులకి అలవాటైపోయి, రానిరోజున "నిన్న కనబళ్ళేదే" అని వాళ్ళే అడుగుతారు.

మూడు నెలలయ్యాక మళ్ళీ అదే ల్యాబులో మూడు నెలల షుగర్ టెస్టు చేయించండి. అంతకుముందు చేయిస్తే పాత నెలల లెక్క కూడా కలిసిపోయి తేడా సరిగ్గా కనబడదు. బొడ్డు దగ్గర టైలరు టేపుతో చుట్టుకొలత కూడా రాసుకోండి. మన మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు.

చివర్లో మీ ఆవిడ కూడా వస్తానంటున్నారని రాశారు. తప్పకుండా తీసుకురండి, హైస్కూలు గ్రౌండులో సాయంత్రం అయిదు దాటాక నలుగురు ఆడవాళ్ళు నడుస్తూనే ఉంటారు, వాళ్ళతో కలిస్తే ఎవరూ వింతగా చూడరు. కాకపోతే ఆవిడకి నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తోందన్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రక్తం తక్కువుంటే ఎంత మెల్లగా పరిగెత్తినా ఆయాసమే వస్తుంది, అది ఒళ్ళు అలవాటు లేక కాదు. మీరు ఈసీజీకి వెళ్ళిన రోజే ఆవిడకి హిమోగ్లోబిన్ టెస్టు చేయించండి. 12 కంటే తక్కువ వస్తే డాక్టరుగారు చెప్పినట్టు ఐరన్ మాత్రలు వాడాలి, వాటిని కాఫీ టీలతో కలిపి వేసుకోవద్దు. ఆ కొన్నాళ్ళూ ఆవిడ నడక, మీరు పరుగు.